పొదిలి మిరపచేలో పన్నెండు సాక్ష్యాలు

గుంటూరు: తుమ్ములు

మా కోనసీమలో కూరలో కారం ఎక్కువైతే కాస్త కొబ్బరికోరు చల్లుకుని సర్దుకుంటాం. గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టిన రోజున నా దగ్గర కొబ్బరికోరు లేదు సరికదా, ముక్కుకి అడ్డం పెట్టుకోవడానికి తువ్వాలు కూడా లేదు. గేటు దాటి పది అడుగులు వేశానో లేదో తుమ్ములు మొదలయ్యాయి. పదిహేడు దాకా గుర్తుంది. ఆ తర్వాత కళ్లనీళ్లతో ఏమీ కనబడలేదు. ఎర్రటి బస్తాల మధ్య ఒక గోడ పట్టుకుని నిలబడిపోయాను.

"ఏందండీ, కొత్తా?" అని పక్కనుంచి ఎవరో అడిగారు. బస్తా దించి నడుం నిటారు చేసుకుంటున్న హమాలీ.

"కొత్తేనండి," అన్నాను, ఇంకొకటి తుమ్మి.

"మూడు రోజులుండండి, అయ్యే పోతాయి. మా ఇంటిదానికే ఇంకా అలవాటు కాలా. నా చొక్కా ఉతికినప్పుడల్లా తుమ్ముద్ది."

మూడు రోజులు ఉండే ఉద్దేశం నాకు లేదు. అక్కడికి వెళ్లింది కూడా సరదాకి కాదు. ముప్పై మూడేళ్లు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఇంట్లో ఖాళీగా కూర్చుని పేపర్లో తప్పులు వెతుక్కుంటున్న సమయంలో పొదిలి నుంచి రత్నకుమారి ఫోన్ చేసింది. ఆవిడ అక్కడ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. ఇరవై ఏళ్ల కిందట ఏదో శిక్షణ తరగతిలో నా పాఠం విన్నదట. "సార్, మా ఊళ్లో పన్నెండు మంది కూలి ఆడవాళ్లు చేను కౌలుకి తీసుకుని మిరప పండించారు. బుధవారం నాడు వియత్నాం నుంచి కొనే ఆవిడ వస్తోంది. ఆవిడతో వీళ్లే ఇంగ్లీషులో మాట్లాడాలి. మీరు నాలుగు రోజులు ముందుగా వచ్చి కాస్త నేర్పించండి," అంది. నాలుగు రోజుల్లో ఇంగ్లీషా! నవ్వొచ్చింది. కానీ ఎవరైనా నన్ను పాఠం చెప్పమని అడిగి రెండేళ్లయింది, అందుకని వెంటనే ఒప్పుకున్నాను. మిరపకాయ గురించి ముందు నేనే నాలుగు ముక్కలు తెలుసుకుందామని దారిలో యార్డు దగ్గర దిగాను.

తెలుసుకున్నది ఒకటే. అక్కడ ఒక రైతు ఏడాదంతా పెంచిన పంట, పక్క రైతు పంటతో కలిసి, గుట్టలో పడి, ఎవరిదో తెలియకుండా పోతుంది.

మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనం నూట ఇరవై. మొదటి ముద్దకి కారప్పొడి, రెండో ముద్దకి గోంగూర. నేను రెండూ వద్దని పప్పు అడిగితే వడ్డించే ఆయన గరిటె పట్టుకుని ఆగిపోయాడు. "కారం తినరా? మరి అన్నం ఎట్టా దిగుద్దండీ?" అన్నాడు నిజమైన జాలితో. పప్పులోనూ ఎండుమిరపకాయలే తేలుతున్నాయి.

వాడరేవు: ఒక చెప్పు పోయిన చోటు

శనివారం ఉదయం చీరాలలో రైలు దిగి, బస్సుకి టైముందని ఆటోలో వాడరేవు వెళ్లాను. సముద్రం మాకూ ఉంది, కానీ మా దగ్గర దాన్ని చేరాలంటే కాలవలూ కొబ్బరితోటలూ దాటాలి. ఇక్కడ ఆటో దిగితే ఎదురుగానే ఉంది. పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. ఒకావిడ వల పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. కిలో రెండొందల యాభై అంది. నేను కొనే మనిషిని కాదని ఆవిడకి తెలిసిపోయింది, అయినా మాట కలిపింది. ఏం పని చేస్తారంటే ఇంగ్లీషు మాస్టారినని గొప్పగా చెప్పాను.

"ఇప్పుడు ఇంగ్లీషు మాస్టారుతో ఏం పనండీ?" అని బొడ్లోంచి ఫోను తీసి చూపించింది. "మొన్న ఆదివారం తెల్లోళ్లిద్దరొచ్చారు. దీంట్లో నేను తెలుగులో చెప్పా, ఇది ఇంగ్లీషులో చెప్పుద్ది. వాళ్లు అన్నదీ మళ్లీ నాకు తెలుగులో చెప్పుద్ది. మూడు కిలోలు కొనుక్కుపోయారు."

ఆవిడ నన్ను నొప్పించాలని అనలేదు. కానీ నాకు ఎక్కడో గుచ్చుకుంది. ముప్పై మూడేళ్లు నేను గొంతు చించుకుని చెప్పింది ఆవిడ బొడ్లో మడిచి పెట్టుకుంది. ఆ ఉక్రోషంలో చెప్పులు ఎక్కడ విడిచానో చూసుకోకుండా నీళ్లలోకి దిగాను. వచ్చేసరికి ఒకటే మిగిలింది. "సముద్రం ఒక కాలిదే అడిగిందిలే, పోనీండి!" అని ఆవిడ పగలబడి నవ్వింది. చీరాల బజార్లో కొత్త జత నూట ఎనభై రూపాయలు. అవి బొటనవేలి దగ్గర కరుస్తూ వారం రోజులూ నాతోనే ఉన్నాయి.

అట్టముక్కల బడి

ఒంగోలు దాటి పొదిలి వైపు బస్సెక్కాక పచ్చదనం తగ్గిపోయి ఆకాశం పెరుగుతూ వచ్చింది. చీమకుర్తి దగ్గర దారి పక్కన ఇళ్లంత గ్రానైట్ రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఆ తర్వాత కందిచేలు, పొగాకు, దూది తీసేసిన పత్తిచేలు. నీళ్లు చూస్తూ పెరిగిన నాకు ఆ నేల చూస్తే గొంతు ఆరిపోయింది. ఇక్కడ ఒక బోరు కింద నాలుగెకరాలు తడిస్తే అదే పెద్ద సంగతట.

రత్నకుమారి స్టాండులో స్కూటీతో నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, మాట గట్టిగా ఉంటుంది. పొదిలికి తొమ్మిది కిలోమీటర్ల లోపల వాళ్ల ఊరు. ఊరి పేరు రాయను, రాస్తే మా కథలో మనుషులు ఊరుకోరు. రాత్రి జొన్నరొట్టె, పండుమిరపకాయ పచ్చడి పెట్టి, నా మొహం చూసి గిన్నెడు పెరుగు పక్కన పెట్టింది.

అంతకు ముందే, సాయంత్రం, నన్ను చర్చి వరండాకి తీసుకెళ్లింది. "ఇదే సార్ మా బడి," అంది. గోడ పొడుగునా అట్టముక్కలు కట్టి ఉన్నాయి. వాటి మీద పురుగుమందుల డబ్బాల కాగితాలు అంటించి ఉన్నాయి. ఖాళీ డబ్బా పూడ్చిపెట్టే ముందు పైకాగితం తడిపి, ఊడదీసి, వరసగా అంటిస్తారట. ఏ రోజు కొట్టారో, ఏ సాళ్లలో కొట్టారో కింద పెన్నుతో రాసి ఉంది. పాఠ్యపుస్తకం అంతే. వేరే పుస్తకం లేదు.

అది ఎందుకు మొదలైందో రత్నకుమారి చెప్పింది. నాలుగేళ్ల కిందట దీనమ్మ అనే మనిషి తోడికోడలు పత్తిచేలో మందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు ఏం మందో చెప్పమన్నాడు. ఎవరికీ తెలియదు. దీనమ్మ పరుగున వెనక్కి వచ్చి డబ్బా తీసుకెళ్లేసరికి రెండు గంటలు పోయింది. తోడికోడలు బతికింది, కానీ కుడిచెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. ఆ మర్నాడే దీనమ్మ డబ్బా పట్టుకుని టీచరు గుమ్మంలో కూర్చుంది. "దీని మీద ఏం రాశారో నాకు చదవడం నేర్పించు టీచరమ్మా, నేర్పిందాకా లేవను," అంది.

ఆ దీనమ్మే ఇప్పుడు పన్నెండు మందికి పెద్ద. నలభై అయిదేళ్లు ఉంటాయి, పొట్టి మనిషి. మిరప కోతకీ పత్తి తీతకీ కూలిముఠా నడిపేది. పోయినేడు వీళ్లే, ఈ చేలోనే, మందు కొలిచి కొట్టి శుభ్రంగా పండించారు. అప్పుడూ ఒక విదేశీ కంపెనీ మనిషి చూడటానికి వచ్చాడు. వీళ్ల తరఫున ఇంగ్లీషు మాట్లాడటానికి ఒక బ్రోకరు కుదిరాడు. వీళ్లు ఒకటి చెబితే అతను ఇంకొకటి చెప్పి, ఆ వచ్చినాయన్ని తనకి కావలసిన వేరే చేనుకి తీసుకుపోయాడు. పంట చివరికి యార్డు గుట్టలో కలిసిపోయింది.

"మా ముందే నిలబడి మా మాట మార్చేశాడు సారూ," అంది దీనమ్మ ఆ సాయంత్రం నాతో. "మాకు తెలిసిపోతనే ఉంది, నోరు రాలా. ఈ ఏడు మా పంట సంగతి మా నోటితోనే చెప్పాలి. ఈసారి కూడా గుట్టలోకే పోతే చేను పొగాకోళ్లకి ఇచ్చేస్తానని ఆసామి చెప్పేశాడు. మళ్లీ కూలికే పోవాలి."

పరీక్షగా ఆ పన్నెండు మందిలో సలోమి అనే పిల్లని ఏదైనా ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పమన్నాను. సలోమి లేచి నిలబడి నా కళ్లలోకి చూస్తూ "షేక్ వెల్ బిఫోర్ యూజ్!" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారం

నేను చర్చికి వెళ్లేవాణ్ని కాదు. కానీ నా విద్యార్థులంతా అక్కడే ఉంటే ఇంట్లో ఏం చేస్తానని వెళ్లి వెనక కూర్చున్నాను. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ లేచి, కొంగు తలమీదికి లాక్కుని, చేతులు కట్టుకుని మాట్లాడతారు. ముందు తమ తప్పు చెప్పుకుంటారు, తర్వాత దేవుడు చేసిన మేలు చెప్పుకుంటారు. ఒకావిడ తన తోడికోడలి మీద అబద్ధం చెప్పానంది. ఆ తోడికోడలు ముందు బెంచీలోనే ఉంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. ఆవిడ కూర్చోగానే అందరూ స్తోత్రం అన్నారు.

మా వైపు గుడిలో ఎవరి తప్పు వాళ్లు దేవుడి చెవిలో చెప్పుకుంటారు, పక్కవాడికి వినబడితే కొంప మునుగుతుంది. నా ఎమ్మే విద్యార్థులు పదిమంది ముందు నిలబడి పేరు చెప్పమంటే చెమటలు పట్టేవారు. ఈ కూలి ఆడవాళ్లు వారంవారం వందమంది ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటున్నారు. ఆశ్చర్యపోయాను. దీనమ్మ మాత్రం ఆ రోజు లేవలేదు.

నా పాఠం

సోమవారం, మంగళవారం నేను కష్టపడి పనిచేశాను. కొనేవాళ్లు అడగబోయే ప్రశ్నలు పన్నెండు ఊహించి, పన్నెండు జవాబులు రాసి, మనిషికి ఒకటి పంచాను. కుర్చీలో కూర్చుని చెప్పించుకోవడం వాళ్లకి కుదరలేదు. రెండో పూట అందరం చేలోకే వెళ్లాం. ముఠా వరసగా సాళ్లలో దిగి కాయ కోస్తూ ఉంటే, ముందున్న మనిషి వాక్యం అందుకుంటుంది, వెనక పదకొండు మందీ తిరిగి అంటారు. మిరపచెట్ల మీదుగా "అవర్ చిల్లీస్ ఆర్ క్లీన్!" అని కేకలు. పక్క చేలో పొగాకు కోస్తున్నవాళ్లు పని ఆపి చూశారు. రెండు రోజుల్లో నోళ్లు తిరిగాయి. నాకు పాత రోజులు వచ్చినట్టయింది.

పన్నెండు మందిలో ఇద్దరు చర్చివాళ్లు కాదు. అందులో ఒకావిడ వెంకాయమ్మ, పెద్ద బొట్టు, పెద్ద గొంతు. ఇంగ్లీషు కోసం మాత్రమే వరండా ఎక్కుతుంది. ఆవిడకి నా జవాబులు నచ్చలేదు. "ఏందండీ అన్నీ మంచే చెప్పమంటారు? మా గేదె..." అని ఏదో చెప్పబోతే నేను ఆపేశాను.

"లోపాలు చెప్పకూడదమ్మా. అది అమ్మకం. అడిగితే 'నో ప్రాబ్లమ్' అనాలి."

"అడిగితే కూడానా సారూ?" అంది దీనమ్మ. కాయ కోయడం ఆపింది.

"అడిగితే కూడా."

ఆ మాట అన్నది నేనే. దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను.

బుధవారం

లాన్ అనే ఆ వియత్నాం ఆవిడ పదిగంటలకి కారు దిగింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. తలమీద టోపీ, కాళ్లకి బురద బూట్లు. నేను ముందుకు వెళ్లి, రాత్రంతా తయారు చేసుకున్న స్వాగతవాక్యం చెప్పాను. అందులో మూడు కామాలున్నాయి. ఆవిడ మర్యాదగా నవ్వి, "ప్లీజ్ సర్. స్మాల్ వర్డ్," అంది. పక్కకి తప్పుకున్నాను.

ఆవిడ ఫోను తీసింది. అదే, వాడరేవులో నన్ను గుచ్చిన ఆ యంత్రమే. చేలో నెట్ అందక అది గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. ఆవిడ చెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిరుగుతుంటే దీనమ్మ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఫోన్ నో. లుక్ మై ఫేస్," అంది.

లాన్ ఒక క్షణం చూసి ఫోను జేబులో పెట్టేసింది. కల్లంలో, ఆరబోసిన మిరప పక్కన, చాపమీద కూర్చుని, "ఓకే. యు టెల్ మీ. వన్ వన్ పర్సన్. యువర్ వర్క్, యువర్ చిల్లీ," అంది. నేను ఊహించిన పన్నెండు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

ముందు సలోమి లేచింది. లేస్తూనే కొంగు తలమీదికి లాక్కుని చేతులు కట్టుకుంది. అది చూడగానే ఆదివారం చర్చి గుర్తొచ్చింది. ఏం జరగబోతోందో నాకు అర్థమైంది.

"ప్రైజ్ ద లార్డ్. మై నేమ్ సలోమి. వన్ డే రెయిన్ కమ్. ఐ పుట్ చిల్లీ ఆన్ రోడ్. రోడ్ నాట్ క్లీన్. దట్ బ్యాగ్, దేర్." వేలితో మూల చూపించింది. "సెపరేట్. అదర్ బ్యాగ్ గుడ్. థాంక్ గాడ్." కూర్చుంది. వెనక నుంచి నలుగురు అలవాటుగా "స్తోత్రం" అన్నారు.

నేను రత్నకుమారి వైపు చూసి కళ్లతోనే అరిచాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది, ఆపొద్దని.

తర్వాత వెంకాయమ్మ. తన దేవుడు వేరు కాబట్టి ఆకాశం వైపు దండం పెట్టి "వెంకన్న సాక్షి!" అని మొదలుపెట్టింది. "మై బఫెలో, బ్యాడ్ బఫెలో. వాక్ ఆన్ చిల్లీ. ఐ బీట్ బఫెలో. దట్ చిల్లీ త్రో." లాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు లేచారు. తొడిమ సరిగా తీయని రోజు, రంగు పోయిన తాలుకాయ ఏరకుండా వదిలేసిన గంప, చేతి గ్లౌజులు మర్చిపోయిన పూట, అన్నీ బయటపెట్టారు. నా "నో ప్రాబ్లమ్" ఒక్కరి నోట రాలేదు. కోపం వచ్చింది. వీళ్ల బతుకు వీళ్లే తగలబెట్టుకుంటున్నారని పళ్లు నూరుకున్నాను.

ఆఖరున దీనమ్మ లేచింది. ఆవిడ చేతులు కట్టుకోలేదు, చీర అంచు పట్టుకుంది.

"జనవరి. బ్లాక్ ఇన్‌సెక్ట్ కమ్. ఆల్ ఫ్లవర్ ఫాల్. ఐ ఫియర్. ఎర్లీ మార్నింగ్ ఐ కమ్ ఓన్లీ మీ. రెడ్ బాటిల్." ఎర్రగుర్తు ఉన్న డబ్బా అంటే అన్నిటికన్నా విషం ఎక్కువది. అది వాడకూడదని పన్నెండు మందీ మాట అనుకున్నది. "ఫోర్ రోస్. ఐ స్ప్రే. మై హ్యాండ్. నోబడీ నో." పదకొండు తలలు ఒక్కసారి ఆవిడ వైపు తిరిగాయి. "దట్ చిల్లీ, నాట్ మిక్స్. మై హౌస్. వాల్ పేపర్ ఆల్సో నో. టుడే ఐ పేస్ట్."

రవికెలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ఎర్రగుర్తు డబ్బా మీది కాగితం. గోడ మీద లేని ఒకే ఒక్క కాగితం.

ఎవరూ స్తోత్రం అనలేదు. వెంకాయమ్మ "ఏమే దీనా!" అని మాత్రం అంది, అంతే.

"వై యు టెల్ మీ?" అంది లాన్.

"యు ఈట్," అంది దీనమ్మ.

నేను ముప్పై మూడేళ్లలో విన్న అతి మంచి ఇంగ్లీషు వాక్యం అది. సిగ్గుతో తల దించుకున్నాను. రెండు రోజులు కూర్చుని ఆ వాక్యాన్ని ఆవిడ నోట్లోంచి తీసేయడానికి ప్రయత్నించింది నేనే.

లాన్ చర్చి వరండాకి నడిచి వెళ్లి గోడనంతా ఫోటోలు తీసుకుంది. దీనమ్మ కాగితం అంటించేదాకా ఆగి దాన్నీ తీసుకుంది. మంచి బస్తాల్లోంచీ, దీనమ్మ ఇంట్లో ఉన్నదాంట్లోంచీ వేరువేరు సంచుల్లో కాయ తీసుకుని సీలు వేసింది. "ఐ గో మెనీ ప్లేస్. ఎవ్రీబడీ సే, నో ప్రాబ్లమ్. లాబ్ సే, ప్రాబ్లమ్," అంది వెళ్తూ. కొంటాననీ అనలేదు, కొనననీ అనలేదు.

కారు వెళ్లాక నేను రత్నకుమారి మీద విరుచుకుపడ్డాను. ఆవిడ నిదానంగా చెప్పింది. "నలుగురి ముందు నిలబడి మాట్లాడమంటే వాళ్లకి వచ్చిన పద్ధతి అదొక్కటే సార్. మీ పేపరు గుర్తుంది వాళ్లకి. కానీ లేచి నిలబడ్డాక అబద్ధం ఎట్లా చెప్తారు?"

కనిగిరి కొండ

పరీక్ష ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. ఆ రోజుల్లో ముఠా దీనమ్మతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. కోతలో ఆవిడకి రెండు పక్కలా ఒక సాలు ఖాళీ వదిలారు. అది తిట్టుకన్నా గట్టిగా ఉంది.

శుక్రవారం చేలో పని లేదు. రత్నకుమారి నాకు కనిగిరి కొండ చూపిస్తానని బయల్దేరి, దీనమ్మని కూడా లాక్కొచ్చింది. కొండమీద పాత కోట గోడలు, తుమ్మచెట్లు, ఎండ. నా కొత్త చెప్పులు చేతిలో పట్టుకుని ఎక్కాను, రాళ్లు కాలి మళ్లీ వేసుకున్నాను. కింద సోడా అమ్మే ముసలాయన నిమ్మసోడాలో ఉప్పుతో పాటు చిటికెడు కారం వేశాడు. ఆ జిల్లా మీద నాకున్న ఆఖరి ఆశ కూడా పోయింది.

పైన గోడ నీడలో కూర్చుని దీనమ్మని అడిగాను, భయం లేదా అని.

"ఉంది సారూ. పదకొండు మంది కూడు నా చేతిలో ఉంది. నిన్న వెంకాయమ్మ ఒదిన నా వాకిట్లోంచి పోతా కూడా పలకరించలా." కొంచెం ఆగింది. "కానీ నెలన్నర నుంచీ అన్నం తింటా ఉంటే ఆ నాలుగు సాళ్లే గుర్తొచ్చేయి. మా తోడికోడలు చెయ్యి వణుకుద్దే, అదే గుర్తొచ్చేది. బుధవారం మధ్యాన్నం కడుపునిండా తిన్నా."

అంత తేలికగా మాట్లాడే మనిషిని చూసి చాలా కాలమైంది.

లారీ

శనివారం పదకొండు గంటలకి కల్లంలో తాలు ఏరుతూ ఉండగా రత్నకుమారి ఫోను మోగింది. లాన్. రత్నకుమారి ఎత్తబోతే అవతల నుంచి "గివ్ దీనమ్మా," అని వినబడింది. స్పీకరు పెట్టింది. పన్నెండు మందీ లేచి నిలబడ్డారు. ఎవరి చేతిలో కాయ వాళ్ల చేతిలోనే ఉంది.

"గుడ్ బ్యాగ్, లాబ్ సే గుడ్. యువర్ హౌస్ బ్యాగ్, లాబ్ సే బ్యాడ్. సేమ్ సేమ్ యు టెల్. యువర్ వాల్ ఈజ్ ట్రూ. మండే ఐ సెండ్ లారీ. నెక్స్ట్ ఇయర్ ఆల్సో."

దీనమ్మ ఫోను దగ్గరికి వంగి, ఒక్కో మాటా నొక్కి, "థాంక్యూ. నెక్స్ట్ ఇయర్, రెడ్ బాటిల్ నో. ప్రామిస్," అంది. ఫోను పెట్టేసింది. అప్పుడు వెంకాయమ్మ చేతిలో కాయలు విసిరేసి దీనమ్మని మెడ చుట్టూ పట్టుకుని, వీపు మీద దబదబా బాదింది. "మాకెందుకు చెప్పలేదే, మేం చచ్చామా, ఆ! చెప్తే నాలుగు సాళ్లు పీకిపారేసేవాళ్లంగా!" అని ఏడుస్తూ తిట్టింది. ఆ గొడవలో ఎవరు ఎవరిని కౌగిలించుకుంటున్నారో తెలియలేదు. నేనూ కళ్లు తుడుచుకున్నాను. మిరప కల్లం కాబట్టి ఎవరూ అనుమానించలేదు.

ఆ సాయంత్రమే ఆసామి వచ్చాడు, వచ్చే ఏటి కౌలు మాట్లాడటానికి. తనే నడిచి వచ్చాడు.

నేను ఆదివారమే ఇంటికి బయల్దేరవలసింది, సోమవారం లారీ చూడకుండా కాళ్లు కదల్లేదు. ఏటా ఆ బస్తాల మీద కమీషను వ్యాపారి గుర్తు ఉండేది. లాన్ మాత్రం పండించినవాళ్ల పేర్లు ఉండాలని కబురు పెట్టింది. నా చేతిరాత బాగుంటుందని కుంచె అందుకోబోయాను. దీనమ్మ నా చేతిలోంచి కుంచె తీసుకుంది.

"మీరు పక్కకి జరగండి సారూ. మా పేర్లు మేం రాసుకుంటాం."

జరిగాను. రంగు డబ్బా పట్టుకుని వాళ్ల వెనక తిరిగాను. పన్నెండు పేర్లు, ఇంగ్లీషులో, అరచేతంత అక్షరాలు. వెంకాయమ్మ పేరు బస్తా ముందువైపు పట్టక పక్కకి తిరిగింది. ఆవిడ దాన్ని చూసి మురిసిపోయి, తిరగేసి ఇంకోసారి కూడా రాసింది. పొగాకు చేలవాళ్లు, దారినపోయే ఆటోవాళ్లు, ఆసామి, అందరూ నిలబడి చదివారు. యార్డు గుట్టలో కలిసే కాయ కాదు అది.

లారీ కదిలేసరికి దీనమ్మ చెప్పులు కూడా లేకుండా దాని పక్కన పరుగెత్తింది. "స్లో! స్లో! రోడ్ బ్యాడ్! మై చిల్లీ! గో స్లో!" అని అరిచింది.

డ్రైవరు చిలకలూరిపేట మనిషి. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏందమ్మా, నాకు తెలుగు రాదనుకున్నావా?" అన్నాడు.

"నీకు తెలుగొచ్చని నాకు తెలుసయ్యా," అని దీనమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "నాకు ఇంగ్లీషొచ్చని నీకు తెలియాలిగా!"